నా సైకిల్ మీద సోమలక్ష్మి

నాకు జబ్బు చేసిన ఏడాది నేను అందరికంటే ఎక్కువ కుళ్ళుకున్నది నా భార్య మీద. ఈ ఒక్క వాక్యం రాయడానికి నాకు చాలా కాలం పట్టింది. దవాఖానలో చేయి ఎత్తు, కాలు కదుపు, గిచ్చితే తెలుస్తోందా అని అందరూ అడిగారు. పక్కవాళ్ళ కాళ్ళు చూస్తే నీకు ఎట్లా ఉంటుంది అని ఒక్కరూ అడగలేదు. అడిగినా నిజం చెప్పేవాడిని కాదేమో. ఇప్పుడు కుదుటపడ్డాను కాబట్టి చెబుతున్నాను. ఇంట్లో ఎవరినైనా ఇలాంటి జబ్బు మంచాన పడేస్తే, మందుల చీటీతో పాటు ఈ సంగతి కూడా తెలిసి ఉండటం మంచిది.

మాది దేవరుప్పుల దగ్గర చిన్న ఊరు. ఇప్పుడు జనగామ జిల్లా అంటున్నారు, అప్పుడంతా వరంగల్ జిల్లానే. మా ఊరి పోస్టాఫీసులో ఉత్తరాలు పంచే పని నాది. మా ఊరు, రోడ్డు వెంట ఇంకో రెండు ఊళ్ళు, గుట్ట మీద ఒక లంబాడా తండా. పదకొండేళ్ళు ఒకే సైకిల్ మీద తిరిగాను. ఎల్లయ్య అని పేరు పెట్టి పిలిచేవాళ్ళు తక్కువ. ముసలివాళ్ళ నుంచి బడిపిల్లల దాకా అందరికీ నేను పోస్టన్ననే. ఆ పిలుపు నాకెంత ఇష్టమో అది పోయాక గానీ తెలియలేదు.

మృగశిర

తెలంగాణ కోసం సకల జనుల సమ్మె జరిగిన ఏడాది అది. మృగశిర కార్తెలో నాలుగు రోజులు జ్వరం వచ్చి తగ్గింది. ఆ తర్వాత అరికాళ్ళలో తిమ్మిరి మొదలైంది. వానకు తడిశాను కదా, అదే పోతుందిలే అనుకున్నాను. తండా ఎత్తు ఎక్కుతుంటే కుడికాలు పెడల్ మీది నుంచి మూడుసార్లు జారింది. దిగి సైకిల్ నెట్టుకుంటూ పోయి ఉత్తరాలు ఇచ్చి వచ్చాను. తెల్లారి మంచం మీది నుంచి లేవబోతే ఆ కాళ్ళు నావి కానట్టున్నాయి. సాయంత్రానికి చేతిలో గ్లాసు కూడా నిలవలేదు.

జనగామ దవాఖానలో వంతు కోసం బల్ల మీద కూర్చున్నాం. కూర్చోవడం కూడా నా వల్ల కాక నా భార్య సోమలక్ష్మి భుజం మీద ఒరిగిపోయాను. అది చూసి, ఒళ్ళో పసిపిల్లను పెట్టుకున్న ఒకామె లేచి కింద చతికిలబడి, "పండుకోబెట్టు చెల్లె, నాకు కింద మంచిగనే ఉంది" అంది. ఆమె ఎవరో, ఏ ఊరో అడగలేదు. ఆమె ఇచ్చిన జాగాలోనే కాళ్ళు చాపుకుని మా వంతు వచ్చేదాకా పడుకున్నాను.

అక్కడి నుంచి వరంగల్ తీసుకుపొమ్మన్నారు. వరంగల్ డాక్టరు అది నరాల జబ్బని చెప్పాడు. "కాళ్ళు వస్తయి. ఎప్పుడొస్తయని మాత్రం నన్ను అడగొద్దు" అన్నాడు. మా అవ్వ, అంటే మా అమ్మ, అడగకుండా ఉంటుందా? కనిపించిన ప్రతి నర్సునూ అదే అడిగింది.

నా పక్క మంచం మీద భూపాలపల్లి నుంచి వచ్చిన సమ్మయ్య ఉండేవాడు. బొగ్గుబాయిలో పని. నాకు వచ్చిన జబ్బే ఆయనకూ వచ్చింది, నా తర్వాత వారానికి. వార్డు టీవీలో తెలంగాణ వార్తలు వస్తుంటే ఆయన పడుకునే జై కొట్టేవాడు, నేను పడుకునే అందుకునేవాణ్ణి. ఇద్దరం మంచి దోస్తులమయ్యాం. ఒక పొద్దున ఆయన మంచం దిగి, గోడ పట్టుకోకుండా వార్డు చివరిదాకా నడిచాడు. అందరూ సంబరపడ్డారు. నేను ముఖం గోడ వైపు తిప్పుకున్నాను. తర్వాత వచ్చినవాడు ముందు పోతున్నాడు, ఇదేం న్యాయం అని లోపల పళ్ళు నూరాను.

ఇంటికి పోయే రోజు ఆయన నా దగ్గర కూర్చున్నాడు. "గడ్డం గిట్ల పెంచినవేందన్నా, అత్తగారింట్ల గుర్తువడ్తరా నిన్ను?" అని, రేజర్ తెచ్చి నా గడ్డం తనే గీశాడు.

"మా చిట్యాల దిక్కు మా బావమరిది ఉంటడు. చిన్నప్పటి సంది ఆయన కాళ్ళు పని చెయ్యయి. చేతులతోని తొక్కే బండి మీద అంగళ్ళు తిరుగుతడు. నీ కాళ్ళు జర ఆలస్యమైతే నువ్వు సుత చేతులతోనే తొక్కు. సైకిల్ సైకిలే గదనే."

ఆయన చేయి నా చెంప మీద మెత్తగా కదులుతోంది. నేను మాత్రం ఆయన కాళ్ళనే చూస్తున్నాను. అంత మంచి మనిషిని చూసి కళ్ళల్లో నిప్పులు పోసుకున్నాను. ఆయన పోయాక రెండు రోజులు అన్నం సహించలేదు.

శ్రావణం

ఇంటికొచ్చిన మూడో రోజు పోస్టుమాస్టరు సారు వచ్చాడు. ఊరి పోస్టాఫీసుల్లో మా పనికి ఒక పద్ధతి ఉంది. సెలవు పెట్టినవాడే తన బదులు మనిషిని చూపించాలి.

"మంచిగ ఆలోచించి పెట్టు ఎల్లయ్యా. పని వాడు జేసినా జిమ్మేదారి నీదే" అన్నాడు సారు. "సెలవుకు సుత ఒక హద్దుంటది. అంతల నువ్వు లేవాలె. లేకుంటే పైవాళ్ళు వేరే మనిషిని తీసుకుంటరు."

అంటే ఆ ఏడాది నా ముందున్న ప్రశ్న ఇదే. హద్దు దాటక ముందు నా దారి నేను మళ్ళీ తిరగగలనా, లేదా?

ఊళ్ళో ఇద్దరు ముగ్గురు పోరగాళ్ళు ఆ పని చేస్తామని వచ్చారు. బయటివాణ్ణి పెడితే అక్కడే పాతుకుపోతాడని నా భయం. సోమలక్ష్మి పదో తరగతి పాసైంది. సైకిల్ రాదు. నడిచి పంచుతుంది, పొద్దుగూకేదాకా తిరుగుతుంది, అప్పుడు జనానికి నా విలువ తెలుస్తుంది అని లెక్క వేసుకున్నాను. అందుకే ఆమె పేరు చెప్పాను. నా తెలివి అట్లా ఏడ్చింది.

ఆమె సైకిల్ తొక్కడం ఆరు రోజుల్లో నేర్చుకుంది. నేను మంచం మీది నుంచి, "కింద చూడకు, ముందట చూడు, బిరేకు కొట్టు" అని అరిచేవాణ్ణి. ఆమె కొంగు నడుముకు చుట్టి, సీటు కిందికి దింపించుకుని, రెండుసార్లు కందిచేలో పడి లేచింది. ఏడో రోజు ఖాకీ సంచి భుజానికి వేసుకుని వాకిలి దాటింది. ఒక్కసారన్నా వెనక్కి చూస్తుందేమో అనుకున్నాను. కింద చూడకు, ముందట చూడు అని చెప్పింది నేనే కదా. చూడలేదు.

జనగామలో కసరత్తులు చేయించే డాక్టరమ్మ నన్ను రోజూ పెడల్ తొక్కమంది. కాళ్ళు నిలవనివాడు ఎట్లా తొక్కుతాడు? సైకిల్ మెకానిక్ జానీమియాను మా అవ్వ పిలుచుకొచ్చింది. ఆయన ఒక పాత సైకిల్‌ను స్టాండు మీద నిలబెట్టి, వెనక చక్రం నేలకు తగలకుండా చూసి, అరుగు మీద పాతినట్టు బిగించాడు. సీటు తీసి వెనక కుర్చీ వేశాడు. నా పాత చెప్పులు రెండూ తెప్పించి, వాటిని పెడల్లకు బోల్టులతో బిగించాడు. నా పాదాలు అందులో పెట్టి, కోసిన ట్యూబు పట్టీలతో కట్టాడు.

"ఇగ జారయి. తొక్కు" అన్నాడు. నేను ముక్కుతూ మూలుగుతూ ఉంటే ఆయనే పెడల్ పట్టుకుని తిప్పాడు. మొదటి వారమంతా ఆయన, అవ్వ వంతులేసుకుని తిప్పారు. తర్వాత తర్వాత ఎడమకాలు తనంతట తానే కొంచెం నొక్కడం మొదలుపెట్టింది.

పొద్దున నేను అరుగు మీద సైకిల్ తొక్కేవాణ్ణి, ఎక్కడికీ పోయేది లేదు. అదే వేళకు నా సైకిల్ మీద సోమలక్ష్మి ఊరు దాటేది. మధ్యాహ్నం వచ్చి కబుర్లు చెప్పేది. ఎవరింట్లో చల్ల ఇచ్చారో, ఎవరి కోడలు అలిగి పోయిందో, ఎవరు తన చేత ఉత్తరం చదివించుకుని ఏడ్చారో అన్నీ చెప్పేది. అవన్నీ నా కబుర్లు. పదకొండేళ్ళు నేను ఇంటికి తెచ్చిన కబుర్లు. ఒకరోజు దారిన పోయే పిల్లవాడు మా వాకిట్లోకి తొంగి చూసి, "పోస్టక్క ఉన్నదా?" అని అడిగాడు. "లేదు పో" అని కసిరాను. ఆమె లోపలే ఉంది.

సమ్మె

బతుకమ్మ పండుగకు ముందే సమ్మె మొదలైంది. బస్సులు ఆగిపోయాయి, బడులు మూతపడ్డాయి. జనగామ డాక్టరమ్మ దగ్గరికి పోయే దారి లేకుండా పోయింది. ఉత్తరాల సంచి మాత్రం ఎవరో ఒకరి బండి మీద వచ్చేది. రాని రోజున సోమలక్ష్మే సైకిల్ మీద దేవరుప్పుల పోయి తెచ్చేది.

నా వయసువాళ్ళంతా దీక్షా శిబిరంలో కూర్చున్నారు. పదకొండేళ్ళు ఇంటింటికి తిరిగిన నేను ఒక్క ఊరేగింపులో కూడా లేను. ఉద్యమాన్ని కూడా సోమలక్ష్మి నోటితో వినాల్సి వచ్చింది. రోడ్డు మీద వంటావార్పు పెట్టిన రోజు ఆమె మామూలు కంటే ఆలస్యంగా వచ్చింది. రోడ్డుకు అడ్డంగా పొయ్యిలు పెట్టి వందల మంది వండుకుని తింటున్నారట. ఈమె సైకిల్ చూసి, "పోస్టక్కకు తొవ్వ ఇయ్యుండ్రి" అని జనం పక్కకు జరిగారట. తినకుండా పోనీయలేదట.

"పప్పు ఎంత మంచిగున్నదో ఏమయ్యా. బువ్వ సుత పొగ వాసన" అంది. ముఖం వెలిగిపోతోంది. కొంగులో నాకోసం రెండు గారెలు కట్టుకొచ్చింది.

నేను తినలేదు. "ఆకలైతలేదు" అన్నాను. నాకు దారి ఇవ్వాల్సిన జనం ఆమెకు ఇచ్చారు. ఆ గారెలు అవ్వ తింది.

తెల్లారి సోమలక్ష్మి బావి దగ్గరికి పోయింది. అవ్వ పక్కింట్లో ఉంది. సైకిల్ వాకిట్లో, నా మంచానికి పది అడుగుల దూరంలో నిలబడి ఉంది. నేను మంచం మీది నుంచి కిందికి జారాను. చేతులు ఆనించి, కాళ్ళు ఈడ్చుకుంటూ, అలికిన వాకిట్లో దేకుకుంటూ పోయాను. వెనక చక్రం పట్టుకుని, గాలి నిలిపే వాల్ నట్టు తిప్పాను. రెండు మూడుసార్లు వేళ్ళు జారాయి, తర్వాత నట్టు తిరిగింది. వాల్ పీకాను. గాలంతా పోయింది. మళ్ళీ దేకుకుంటూ వచ్చి, మంచం కోడు పట్టుకుని పైకి పాకి, వాల్‌ను బొంత కింద పెట్టి పడుకున్నాను.

అప్పుడు తట్టింది. జబ్బు చేశాక నేను ఎవరి సాయం లేకుండా కదలడం అదే మొదలు. సీసా మూత తిప్పమని డాక్టరమ్మ నెల రోజులు బతిమాలినా తిరగని వేళ్ళు ఇవే. ఇంట్లోవాళ్ళు ఎదురుచూస్తున్న శుభవార్త అది, కానీ నేను ఎవ్వరికీ చెప్పుకోలేను.

సోమలక్ష్మి వచ్చి చక్రం నొక్కి చూసింది. వంగి చూసింది. వాకిలి వైపు ఒకసారి చూసింది. "గాలి వోయింది" అంది అంతే. బందు వల్ల జానీమియా దుకాణం మూసి ఉంది. ఆమె సంచి భుజానికి వేసుకుని నడిచి పోయింది. రెండు ఊళ్ళు తిరిగి, గుట్టెక్కి తండాకు పోయి వచ్చేసరికి ఎండ వాలింది. ఒక చెప్పు తెగితే రెండూ చేత పట్టుకుని వచ్చింది. పాదాలు బొబ్బలెక్కాయి. వేడినీళ్ళలో పాదాలు పెట్టుకుని కూర్చుంటే నేను ఆమె ముఖం చూడలేదు. చూస్తే చెప్పేసేవాణ్ణి.

తెల్లారి జానీమియా తన ఇంట్లోంచి ఇంకో వాల్ తెచ్చి సైకిల్‌కు వేశాడు. నాలుగు రోజులయ్యాక బొంత కింద చేయి పెట్టి వెతికాను. వాల్ లేదు. అవ్వ ఊడ్చేసి ఉంటుందని సమాధానపడ్డాను.

చలికాలం

సమ్మె ఆగిపోయాక, మానుకోటలో మూడు చక్రాల బండ్లు ఇస్తున్నారని తెలిసింది. కాగితాల్లో మహబూబాబాద్ అని రాస్తారు గానీ మాకది మానుకోటే. సోమలక్ష్మి, నేను రైల్లో పోయాం. మైదానం నిండా నాలాంటివాళ్ళే. నర్సింహులపేట నుంచి వచ్చిన ఒక పిల్ల, పుట్టినప్పటి నుంచి కాళ్ళు లేవనిది, బండి అందుకోగానే చేతి పెడల్ తిప్పుతూ మైదానం చుట్టూ ఆటలాగా తిరిగింది. నేను ఆ పిల్ల చేతులు చూసి కూడా కుళ్ళుకున్నాను. ఈ అసూయకు సిగ్గూ శరం ఉండవని ఆ రోజు అర్థమైంది.

నాకిచ్చిన బండి కుడిచేత్తో తిప్పాలి, ఎడమచేత్తో మలుపుకోవాలి. నా కుడిచేయికి ఇంకా బలం రాలేదు. పది గజాలు పోయి ఆగిపోయాను. ఇంటికి తెచ్చాక జానీమియా దాని చుట్టూ రెండుసార్లు తిరిగి, "బండి మంచిదే. కొలతలే నీయి గావు" అన్నాడు. పెడల్‌ను ఎడమవైపుకు మార్చాడు. పిడికి మెత్తటి రబ్బరు చుట్టాడు. మలుపుకునే కుడిచేయి జారకుండా మణికట్టుకు పట్టీ పెట్టాడు. ఎత్తు ఎక్కడానికి తేలిక కావాలని చిన్న పళ్ళచక్రం వేశాడు. కింద కాళ్ళు పెట్టే చోట, అరుగు మీది సైకిల్ నుంచి నా చెప్పులు విప్పి తెచ్చి బిగించాడు.

మొదటి రోజు మా వీధి చివరిదాకా పోయాను. భుజం మంటలు మండింది. సోమలక్ష్మి పక్కన నడుస్తూ, "కింద చూడకు, ముందట చూడు" అంది. నాకు ఒళ్ళు మండింది. ఆమె నవ్వింది, వెనక నెట్టడానికి మాత్రం చేయి వేయలేదు. నేను నెట్టొద్దని చెప్పక ముందే ఆ సంగతి ఆమెకు తెలుసు.

ఎండాకాలం

సెలవు ఒకసారి పొడిగించారు. ఆ గడువు ముగిసే ముందు పైఆఫీసు నుంచి ఇన్‌స్పెక్టరు సారు వచ్చి, నేను పని చేయగలనో లేదో చూస్తానన్నాడు. ఆయన మోటారుసైకిల్ మీద, నేను మూడు చక్రాల మీద. రోడ్డు ఊళ్ళు రెండూ తిరిగాను. జనం గడపల దగ్గరికి వచ్చి నా చేతిలోంచి ఉత్తరాలు తీసుకున్నారు. గుట్ట కింద బండి ఆపి చేతికర్ర మీద నిలబడ్డాను, అప్పటికి కొంచెం దూరం నడవగలుగుతున్నాను. తండా నుంచి మంగ్లీ అనే ముసలామె దిగి వచ్చింది. తండా అంతా ఆమెను యాడి అంటారు, వాళ్ళ భాషలో అమ్మ అని. నా చేతిలో ఉత్తరం తీసుకుని, నా భుజం మీదుగా దారి వైపు చూసింది.

"పోస్టక్క రాలే?" అంది.

ఇన్‌స్పెక్టరు నవ్వాడు. నేనూ నవ్వాను. ఇంటికొచ్చి సారు కాగితం మీద సంతకం పెట్టాడు. నా పని నాకు వచ్చింది. ఆ సాయంత్రం అవ్వ పాయసం చేసింది. సోమలక్ష్మి ఖాకీ సంచి ఉతికి ఆరేసి, మడిచి నా మంచం మీద పెట్టింది.

మళ్ళీ వానలు పడ్డాయి. నేను రోజూ బండి మీద పోతున్నాను, గుట్ట కింద నిలబడితే తండావాళ్ళు దిగి వస్తున్నారు. సోమలక్ష్మి పత్తిచేలల్లో కలుపుకు పోతోంది. సైకిల్ గోడకు ఆనించి ఉంది. మధ్యాహ్నం నేనొచ్చి కబుర్లు చెబుతుంటే ఆమె పనేదో కల్పించుకుని లేచిపోయేది. ఒకరోజు మంగ్లీ యాడి ఆమెకోసం పంపిన జొన్నరొట్టె తెచ్చి ఇచ్చాను. "ఆకలైతలేదు" అంది. ఆ మాట ఎక్కడో విన్నట్టుంది. ఎక్కడ విన్నానో గుర్తు రావడానికి నాకు ఒక పూట పట్టింది.

ఆ వారంలోనే ఒక పొద్దున సంచి మెడలో వేసుకుని బండి ఎక్కబోతే ఎడమ చక్రం నేలకు అతుక్కుపోయి ఉంది. వంగి చూశాను. వాల్ లేదు.

నేను లోపలికి పోయి పొయ్యి ముందు పీట మీద కూర్చున్నాను. సోమలక్ష్మి తల ఎత్తలేదు. కొంగు ముడి విప్పి, రెండు వాల్‌లు నా అరచేతిలో పెట్టింది. ఒకటి తళతళా మెరుస్తోంది, నా బండిది. ఇంకొకటి పాతది, దాని రబ్బరు ఎండి పగిలిపోయింది.

"గిది సమ్మెల నువ్వు పీకింది" అంది.

"తెలుసా నీకు?" అన్నాను.

"అలికిన వాకిట్ల నువ్వు దేకిన గీత ఉన్నది గద. నీ మంచం కాడికెల్లి సైకిల్ దాక." ఆమె పొయ్యిలో పుల్ల సర్దింది. "కోపం రాలేదా అంటే వచ్చింది. కానీ నువ్వు కదిలినవ్. నట్టు తిప్పినవ్. ఆ పొద్దు తండా దాక నడుసుకుంట ఒక్కదాన్నే నవ్వుకున్న. నీకు చెప్తె సిగ్గువడి మళ్ళ కదులవేమోనని చెప్పలే."

"మరి ఇయ్యాల నాది ఎందుకు పీకినవే?"

"నాకు సుత ఓర్వబుద్ది కాలే" అంది.

పాత వాల్ ఆమె చేతికే తిరిగి ఇచ్చాను. కొత్తది చక్రానికి బిగించి, కూర్చునే గాలి కొట్టాను. తర్వాత గోడకు ఆనించిన సైకిల్‌కూ కొట్టాను. గుట్ట మీది తండా ఉత్తరాలు విడిగా తీసి ఆమె చేతిలో పెట్టాను. మేమిద్దరం బయల్దేరాం. ఎత్తు మొదలయ్యే చోట నేను ఆగాను, ఆమె సైకిల్ దిగకుండా ఎక్కిపోయింది. పైనుంచి, "పోస్టక్క వచ్చింది" అని ఎవరో తండాలో కేక వేశారు. నా కడుపు కొంచెం మండింది. మండితే మండనీ అని అక్కడే కూర్చుని ఆమె దిగి వచ్చేదాకా చూశాను.